ఫస్ట్ క్లాస్ గ్యాలీలో భోజనం ఎలా నడుస్తుంది: నా అనుభవం

ఫస్ట్ క్లాసులో భోజనం బాగుంటుందా లేదా అన్నది విమానం గాల్లోకి లేవకముందే సగం తేలిపోతుంది. మిగతా సగం ఓవెన్ తలుపు ఎప్పుడు తెరిచాం, ఎప్పుడు మూశాం అన్నదాని మీద ఉంటుంది. షాంపేను, కేవియర్ (ఉప్పు పెట్టిన చేప గుడ్లు), తెల్లటి టేబుల్ గుడ్డ కంటికి కనబడేవి గనుక అందరూ వాటి గురించే మాట్లాడతారు. వాటితో పెద్ద చిక్కులేమీ రావు. చిక్కులన్నీ వేడిచేయడంలోనే. పైన వంట అనేది దాదాపు ఉండదు. కొన్ని ఎయిర్‌లైన్లలో తెల్ల కోటు వేసుకున్న షెఫ్ కనబడతాడు. క్యాథే పసిఫిక్ ఫస్ట్ క్లాస్ గ్యాలీలో, అంటే విమానంలోని చిన్న వంటగదిలో, రైస్ కుక్కర్, టోస్టర్, గుడ్లు వేయడానికి పెనం కూడా పెట్టింది. అయినా అసలు వంటంతా నేల మీది ఫ్లయిట్ కిచెన్‌లోనే అయిపోతుంది. మా చేతిలో మిగిలేవి వేడి, ఆవిరి, టైము.

ఇక్కడ రాస్తున్నది ఒక గల్ఫ్ ఎయిర్‌లైన్‌లో గ్యాలీ డ్యూటీ సంగతి. 8 సీట్ల ఫస్ట్ క్లాస్, ముందు తలుపు పక్కన గ్యాలీ, అందులో రెండు ఓవెన్లు, ఒక చిల్లర్, కాఫీ మెషీన్, వేణ్ణీళ్ల బాయిలర్. గల్ఫ్ నుంచి హైదరాబాద్ నాలుగు గంటల లోపు. అమెరికా వైపు అయితే 14 నుంచి 16 గంటలు. పద్ధతి రెండింటికీ ఒకటే గానీ, చెమటలు పట్టేది చిన్న ప్రయాణంలోనే. పెద్ద ప్రయాణంలో ఒక పళ్లెం పది నిమిషాలు ఆలస్యమైనా సర్దుకుంటుంది.

ట్రాలీలు ఎక్కినప్పుడు

ఫ్లయిట్ కిచెన్‌లో కూర పూర్తిగా ఉడికాక వెంటనే బ్లాస్ట్ చిల్లర్ అనే, వేగంగా చల్లబరిచే యంత్రంలోకి వెళుతుంది. 5 డిగ్రీల లోపుకు ఎంత తొందరగా దిగితే అంత మంచిది. మధ్యలో 60 నుంచి 10 డిగ్రీల దాకా ఉండే మేర బాక్టీరియాకు అనుకూలం కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగకూడదు. ప్రతి డిష్ మీదా వండిన రోజును చెప్పే రంగు చుక్కో, లేబులో ఉంటుంది. చల్లటి గదిలోనే డిష్‌లను ట్రాలీల్లో సర్ది, సీలు వేసి, వెనక పెట్టె తలుపు ఎత్తుదాకా లేచే హైలోడర్ లారీలో విమానం దగ్గరికి తెస్తారు.

ఫస్ట్ క్లాసుకూ ఎకానమీకీ పెద్ద తేడా ఇక్కడే మొదలవుతుంది. ఎకానమీలో అన్నం, కూర, సాస్ ఒకే రేకు డబ్బాలో మూతేసి వస్తాయి. ఫస్ట్ క్లాసులో మాంసం వేరు, అన్నమో బంగాళాదుంపో వేరు, కూరగాయలు వేరు, సాస్ వేరు. వేడిచేశాక పింగాణీ పళ్లెంలో సర్దేది మేమే. ఎలా సర్దాలో ఫొటో కార్డు ఉంటుంది. మాంసం ముక్క ప్రయాణికుడి వైపు ఉండాలి, సాస్ అంచుకు తగలకూడదు, కొత్తిమీరో మరో ఆకో చివర్లో వేయాలి. ఇవి విడివిడిగా రావడం వల్ల ఏ ఒక్కటి ఎక్కకపోయినా వంటకం మొత్తం ఆగిపోతుంది. చేప ఎనిమిది వచ్చి, దాని సాస్ ఐదే వస్తే, నిజానికి మన దగ్గరున్నది ఐదు చేపలే.

అందుకే ట్రాలీలు ఎక్కగానే ముందు సీలు నంబర్లు కాగితంతో సరిచూసి, ఆ వెంటనే లెక్క మొదలుపెడతాం. మెయిన్ కోర్సు నాలుగైదు రకాలుంటే ఒక్కో రకం ఎనిమిది చొప్పున రావు, స్థలం చాలదు. ఏ రూట్లో ఏది ఎక్కువ పోతుందో చూసి మూడో నాలుగో పెడతారు. హైదరాబాద్ రూట్లో బిర్యానీ ముందు అయిపోతుంది. యూరప్ వైపు అదే బిర్యానీ మిగిలి తిరిగొస్తుంది. వైన్, కేవియర్, చాక్లెట్లు, చీజ్ లాంటివి తిరుగు ప్రయాణానికి కూడా బేస్ (ఎయిర్‌లైన్ సొంత విమానాశ్రయం) నుంచే ఎక్కుతాయి. వేడి వంటకాలు మాత్రం హైదరాబాద్ కిచెన్ నుంచి వస్తాయి. కాబట్టి పోయేటప్పుడు వెన్న మొత్తం వాడేస్తే వచ్చేటప్పుడు వెన్న ఉండదు. కొత్తగా చేరినవాళ్లకు మొదట చెప్పేది ఇదే: తిరుగు ప్రయాణం ట్రాలీ మీద లేబుల్ చూడకుండా చెయ్యి పెట్టొద్దు.

ట్రాలీల కొలతల్లో ప్రపంచం రెండుగా ఉంది. అట్లాస్ ఒకటి, కేఎస్‌ఎస్‌యూ ఒకటి, రెండూ ఐరోపా ఎయిర్‌లైన్ల కూటముల నుంచి వచ్చిన ప్రమాణాలే. పెద్ద అట్లాస్ ట్రాలీ సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పు, 80 లోతు, 103 ఎత్తు. ఒక ప్రమాణం డ్రాయర్ ఇంకోదాని గూట్లో కుదరదు. అద్దెకు తెచ్చిన విమానం మీద పనిచేస్తే ఈ సంగతి బాగా తెలిసొస్తుంది.

తర్వాత ఓవెన్లు. స్విచ్ వేసేముందు లోపల ఏముందో చూడటం తప్పనిసరి. నేల మీద ఆహారం చల్లగా ఉండడానికి ఓవెన్ ర్యాకుల మీద డ్రై ఐస్ పెట్టి పంపుతారు. అది మైనస్ 78.5 డిగ్రీలు, ఒట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం అంటుకుపోయి కాలుతుంది. తోలు గ్లవుజులతో తీసి చల్లటి ట్రాలీలోకి మార్చాలి. సింకులో పడేస్తే డ్రెయిన్ గడ్డకడుతుంది. మూసిన చిన్న గ్యాలీలో ఎక్కువ డ్రై ఐస్ ఉంటే కార్బన్ డయాక్సైడ్ చేరి తలనొప్పి వస్తుంది. డ్రై ఐస్ కన్నా ప్రమాదం మరచిపోయిన కాగితం. ర్యాకు అడుగున సర్వింగ్ కార్డో ప్లాస్టిక్ కవరో ఉండిపోయి ఓవెన్ ఆన్ చేస్తే పొగ వస్తుంది. గాల్లో పొగ వస్తే అది భోజనం సమస్య కాదు, కాక్‌పిట్‌కు ఫోన్ చేయాల్సిన సమస్య.

నీళ్ల లైన్లలో గాలి ఉంటుంది. బాయిలర్, కాఫీ మెషీన్ ఆన్ చేసేముందు కుళాయి తిప్పి, బుడగలు లేకుండా నీళ్లు ధారగా వచ్చేదాకా వదలాలి. నీళ్లు లేకుండా స్విచ్ వేస్తే హీటర్ మాడి, ఆ ప్రయాణమంతా టీ కాఫీలకు వెనక గ్యాలీ చుట్టూ తిరగాలి. ఏదైనా యంత్రం కరెంటు బ్రేకర్ ట్రిప్ అయితే దాన్ని నొక్కి మళ్లీ ప్రయత్నించడం ఉండదు. కాక్‌పిట్‌కు చెప్పి ఆ యంత్రాన్ని వదిలేస్తాం.

పైన నాలుక మారిపోతుంది

35,000 అడుగుల పైన ఎగురుతున్నా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంత ఉంటుంది. ఊటీ ఎత్తు ఇంచుమించు ఆ మధ్యలోనే. గాలిలో తేమ చాలాసార్లు 20 శాతం కూడా ఉండదు. ముక్కు ఎండిపోతుంది, వాసన తగ్గుతుంది, దాంతో రుచీ తగ్గుతుంది. 2010లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ లుఫ్తాన్సా కోసం ఒత్తిడి తగ్గించే గదిలో విమానం క్యాబిన్ భాగం పెట్టి పరీక్షలు చేసింది. ఉప్పు 20 నుంచి 30 శాతం, తీపి 15 నుంచి 20 శాతం తక్కువగా తెలుస్తాయని తేలింది. పులుపుకు, కారానికి అంత దెబ్బ లేదు. ఇంజిన్ హోరుకు తీపి తగ్గి, టమాటా, పుట్టగొడుగుల్లో ఉండే ఉమామి రుచి పెరుగుతుందని 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. నేల మీద టమాటా జ్యూస్ ముట్టనివాళ్లు పైన అడిగి తాగడం అందుకే.

మన వంట ఈ లెక్కలో గట్టెక్కేస్తుంది. చింతపండు పులుసు, గోంగూర, మిరియాల చారు పైన కూడా తమ గుణం చూపిస్తాయి. పాయసం, డబుల్ కా మీఠా మాత్రం నేల మీద తీపి ఎక్కువైంది అనిపించేలా చేస్తేనే పైన సరిపోతాయి. యూరప్ తరహా వెన్న సాసులు చప్పగా అనిపిస్తే ఉప్పు అడగండి. అది షెఫ్ తప్పు కాదు, మీ నాలుక తప్పూ కాదు.

ఆర్డరు, గడియారం

ప్రయాణికులు ఎక్కేటప్పుడు గల్ఫ్ పద్ధతిలో యాలకుల అరబిక్ కాఫీ, ఖర్జూరం ఇస్తాం. షాంపేనో జ్యూసో అడిగినవాళ్లకు అది. కొన్ని విమానాశ్రయాల్లో నేల మీద మద్యం పెట్టెకు కస్టమ్స్ సీలు ఉంటుంది, అక్కడ గాల్లోకి లేచాకే. మెనూ ఇచ్చి, తలుపులు మూసేలోపు ఒక్కొక్కరి దగ్గరా మూడు విషయాలు తెలుసుకుంటాం: ఏం తింటారు, ఎప్పుడు తింటారు, పడుకుంటే లేపాలా వద్దా. సీట్ల పటం గీసిన కాగితం మీద ఇవన్నీ రాసుకుంటాం. మనసులో గుర్తుపెట్టుకుంటామన్నవాళ్ల సర్వీసు మూడో ఆర్డరు దగ్గర తేలిపోతుంది.

"మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడే" అన్నది ఫస్ట్ క్లాస్ మాట. ఇది నిజమే గానీ రెండు ఓవెన్లున్న గ్యాలీకి హద్దు ఉంటుంది. హైదరాబాద్ ప్రయాణాన్నే తీసుకోండి. బెల్టు లైటు ఆరేదాకా 20 నిమిషాలు పోతుంది, కుదుపులుంటే ఇంకా ఎక్కువ. దిగే ముందు అరగంట గ్యాలీ సర్దడానికి కావాలి. మధ్యలో మిగిలేది రెండున్నర గంటల పైచిలుకు. ఎనిమిది మందీ "ఇప్పుడే" అంటే ఒక లెక్క, నలుగురు ఇప్పుడే, ఇద్దరు గంటాగి, ఇద్దరు దిగే ముందు అంటే ఇంకో లెక్క. రెండోది సులువు. కష్టమంతా "తర్వాత చెప్తాను" అనేవాళ్లతో. వాళ్లకు ఆఖరి టైము ముందే చెప్పేయాలి: "సార్, ఇన్ని గంటలకల్లా చెప్తే వేడివేడిగా పెట్టగలను, ఆ తర్వాత శాండ్‌విచ్చో పళ్లో ఇవ్వగలను." మర్యాదగా చెప్తే ఎవరూ నొచ్చుకోరు. చెప్పకుండా ఊరుకుని చివర్లో కాదంటేనే గొడవ.

నడిపే సూత్రం ఒక్కటే. ఒక పళ్లెం టేబుల్ మీద పెట్టినప్పుడే తర్వాతి పళ్లెం ఓవెన్‌లోకి వెళ్లాలి. మొదటి కోర్సు తినడానికి 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. మెయిన్ వేడవడానికి 18 నుంచి 20, పళ్లెంలో సర్దడానికి 4 లేదా 5. ఖాళీ పళ్లెం తీశాక ఓవెన్ ఆన్ చేస్తే ఆ మనిషి పావుగంట పైగా ఖాళీ టేబుల్ ముందు కూర్చోవాలి. మరీ ముందు పెడితే కోడి ఎండిపోతుంది. ఒకసారి వేడిచేసినదాన్ని చల్లార్చి మళ్లీ వేడిచేయడం నిషిద్ధం, పారేయడమే.

ఓవెన్ తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలి వేడి, ఆవిరి పోతాయి, ఆ ర్యాకు మొత్తం రెండు మూడు నిమిషాలు వెనక్కి వెళుతుంది. అందుకే ఒక ఓవెన్‌ను పొడి వేడికి, రెండోదాన్ని ఆవిరికి ఉంచి, ఆర్డర్లను జతలుగా కలుపుతాం. రొట్టెలు మొదట 4 లేదా 5 నిమిషాలు, తీయగానే గుడ్డ కప్పిన బుట్టలోకి. పొడి గాలికి పది నిమిషాల్లో పైపొర రాయి అవుతుంది. వేయించిన జీడిపప్పు, బాదం గిన్నెలు 3 నిమిషాలు చాలు, ఐదయితే చేదెక్కుతాయి. తడి తువ్వాళ్లు రేకు కప్పి పెట్టకపోతే అంచులు మాడతాయి. మెయిన్ పళ్లేలు కూడా వేడిగా ఉండాలి. చల్లటి పింగాణీ మీద సర్దిన చేప, సీటు దగ్గరికి చేరేలోపే గోరువెచ్చన అయిపోతుంది.

ఏది ఎలా పాడవుతుంది

గొర్రె మాంసం, బీఫ్ లాంటివి కిచెన్‌లో పైన మాత్రం గట్టిగా కాల్చి, లోపల తక్కువ ఉడికించి పంపుతారు, ఎందుకంటే మిగతా ఉడుకు మా ఓవెన్‌లో అవుతుంది. మీడియం కావాలంటే 12 నుంచి 14 నిమిషాలు, బాగా ఉడకాలంటే 18 పైన. రేకు మూత చివరి మూడు నిమిషాలు తీసేయాలి, లేకపోతే కాల్చిన మాంసం ఉడకబెట్టినట్టు తెల్లబారుతుంది. బయటికి తీశాక రెండు మూడు నిమిషాలు ఆగి పళ్లెంలో పెట్టాలి. వెంటనే పెడితే రక్తం రంగు రసం పళ్లెమంతా పాకుతుంది, దాన్ని చూసి శాకాహారి పొరుగువాళ్లు ముఖం తిప్పుకుంటారు.

చేపకు ఆవిరి మోడ్‌లో 12 నిమిషాలు. ఒక్క రెండు నిమిషాలు దాటినా తెల్లటి ప్రొటీన్ గడ్డలు పైకి ఉబికి వస్తాయి. వెన్న, క్రీమ్ సాసులను ఓవెన్‌లో పెట్టకూడదు, విరుగుతాయి. వేణ్ణీళ్ల జగ్గులో సాస్ గిన్నె నిలబెట్టి వేడిచేయాలి. విరిగితే ఒక చెంచా వేణ్ణీళ్లు పోసి గట్టిగా గిలకొడితే చాలాసార్లు కలుస్తుంది.

గుడ్లు అన్నిటికన్నా మొండివి. ఎక్కువసేపు వేడిలో ఉంటే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆకుపచ్చ బూడిద రంగు వస్తుంది, వాసనా మారుతుంది. అది తింటే ప్రమాదం లేదు, కానీ ఫస్ట్ క్లాసులో ఆకుపచ్చ గుడ్డు పెడితే సంజాయిషీ చెప్పుకోవాలి. స్క్రాంబుల్డ్ గుడ్లను మధ్యలో ఒకసారి తీసి, కలిపి, ఇంకా కాస్త జారుగా ఉన్నప్పుడే ఆపేయాలి. పళ్లెం వేడికి మిగతాది గట్టిపడుతుంది.

మన టిఫిన్లలో ఇడ్లీ, ఉప్మా, పొంగల్ విమానానికి పుట్టినట్టే ఉంటాయి, ఆవిరి ఓవెన్ ఉంటే. పొడి వేడిలో ఇడ్లీ అంచులు గట్టిపడి విరుగుతాయి. చల్లబడ్డప్పుడు పిండిపదార్థం బిగుసుకుంటుంది, మళ్లీ మెత్తబడాలంటే తేమతో కూడిన వేడి కావాలి. ఆవిరి మోడ్ లేకపోతే డిష్‌లో ఒక చెంచా నీళ్లు చిలకరించి రేకు గట్టిగా మూయాలి. అన్నానికి, బిర్యానీకి కూడా ఇదే చిట్కా. వడ మెత్తబడకుండా ఉండాలంటే రేకు లేకుండా విడిగా పెట్టాలి, అప్పుడు కూడా హోటల్ వడ అయితే కాదు. దోసె, పెసరట్టు అడిగేవాళ్లకు నిజం చెప్పేయడం మంచిది. మడిచి వచ్చిన దోసె ఎంత జాగ్రత్తపడ్డా తోలులా సాగుతుంది. మెనూలో చిన్న ఊతప్పం పెట్టే కిచెన్‌కు ఈ సంగతి తెలుసని అర్థం. సాంబారు చల్లబడ్డాక పప్పు వల్ల చిక్కబడి, అలాగే వేడిచేస్తే అడుగంటుతుంది. కాస్త వేణ్ణీళ్లు పోసి కలిపి పెట్టాలి. కొబ్బరి చట్నీ చివరి నిమిషం దాకా చిల్లర్ దాటకూడదు.

పెరుగన్నం మెనూలో అరుదు. "బాబూ, ఇవేవీ వద్దు, రెండు ముద్దలు పెరుగన్నం దొరుకుతుందా?" అని పెద్దవాళ్లు అడిగితే చేసిపెట్టడం కష్టమేమీ కాదు. తెల్లన్నం ఆవిరిలో మెత్తగా వేడిచేసి, మెదిపి, నాలుగు చెంచాల పాలు పోసి కాస్త ఆరాక పెరుగు కలిపితే సరి. పచ్చడి ప్యాకెట్లు ఏదో ఒక డ్రాయర్‌లో ఉంటాయి. సొంత ఆవకాయ సీసా చేతి సంచిలో తెచ్చుకుంటే మాత్రం భద్రతా తనిఖీ దగ్గరే ఆగిపోవచ్చు. ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనాన్ని వేడిచేసి ఇమ్మంటే చాలా ఎయిర్‌లైన్లలో ఒప్పుకోరు. అది ఎన్ని గంటలు బయట ఉందో సిబ్బందికి తెలియదు కదా.

స్పెషల్ మీల్ కోడ్‌ల దగ్గర పొరపాట్లు

తెలుగు ప్రయాణికులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. టికెట్ తీసుకునేటప్పుడు "హిందూ మీల్" అని కనబడగానే శాకాహారం అనుకుని టిక్ పెడతారు. ఆ కోడ్ హెచ్‌ఎన్‌ఎంఎల్. దానిలో బీఫ్ ఉండదు గానీ కోడి, గొర్రె మాంసం, చేప ఉండొచ్చు. మన పద్ధతి శాకాహారం కావాలంటే ఏవీఎంఎల్, అంటే ఏషియన్ వెజిటేరియన్: గుడ్డు, మాంసం ఉండవు, పాలు, పెరుగు ఉంటాయి, మసాలా ఉంటుంది. వీఎల్‌ఎంఎల్ శాకాహారమే గానీ గుడ్డు ఉంటుంది, మసాలా ఉండదు. వీజీఎంఎల్ అయితే పాలు పెరుగు కూడా ఉండని వీగన్ భోజనం. అది తీసుకుని పెరుగు ఏదని అడిగితే లాభం లేదు. ఉల్లి, వెల్లుల్లి, దుంపలు వద్దనుకునేవాళ్లకు జైన్ భోజనం వీజేఎంఎల్. మధుమేహానికి డీబీఎంఎల్ ఉంది, అందులో చక్కెర చాలా తక్కువ.

చాలా ఎయిర్‌లైన్లకు కనీసం 24 గంటల ముందు చెప్పాలి. ఫస్ట్ క్లాసే కదా, పైన అడిగితే ఇస్తారు అనుకోవద్దు. మెనూలో ఒక శాకాహారం తప్పక ఉంటుంది, కానీ అది పుట్టగొడుగుల పాస్తా కావచ్చు, చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి వేసే జంతు సంబంధమైన రెన్నెట్ ఉండొచ్చు. ఇంకో మాట: స్పెషల్ మీల్ పెట్టించుకున్నవాళ్ల కోసం మామూలు మెనూలో ఒక పళ్లెం తగ్గించి లెక్కేస్తారు. రెండూ తిందాం అనుకుంటే బిర్యానీ మిగలకపోవచ్చు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 1998లో మొదలుపెట్టిన "బుక్ ద కుక్" లాంటి పద్ధతిలో మెయిన్ కోర్సును ముందే ఎంచుకుంటే ఈ బెంగ ఉండదు.

కోషర్ భోజనానికి, అంటే యూదుల మత నియమాల ప్రకారం చేసినదానికి, పద్ధతి వేరు. సీలు ఉన్న పెట్టెను ప్రయాణికుడికి చూపించి, ఆయన ఒప్పుకున్నాకే తెరిచి, రెండు పొరల రేకు తీయకుండా వేడిచేయాలి. మామూలు పింగాణీలోకి మార్చకూడదు. అలర్జీ ఉన్నవాళ్లకు ఎంత పై క్లాసైనా ఎవరూ పూర్తి హామీ ఇవ్వరు. పక్క సీట్లోనే వేడి బాదంపప్పు ఇస్తుంటాం మరి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్లకు ఇఫ్తార్ పెట్టెలు విడిగా ఎక్కుతాయి. ఎత్తులో సూర్యాస్తమయం ఆలస్యంగా అవుతుంది కాబట్టి, కింద ఊళ్లో అజాన్ టైము చూసి కాకుండా కాక్‌పిట్ నుంచి వచ్చే కబురు కోసం ఆగాలి. ఇక పైలట్లు: కెప్టెన్‌కూ కోపైలట్‌కూ ఒకే వంటకం పెట్టం, ఒక డిష్‌లో తేడా ఉంటే ఇద్దరూ ఒకేసారి పడిపోకూడదని.

టేబుల్, కేవియర్, సీసాలు

టేబుల్ లాగాక తాళం పడిందో లేదో నొక్కి చూడాలి. గుడ్డ పరిచి, ఎడమ వైపు రొట్టె పళ్లెం, వెన్న, కుడివైపు కత్తులు, పైన గ్లాసులు. బయటి వరస నుంచి లోపలికి వాడుకుంటూ వస్తారు. ఇక్కడ పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు, నాలుగుసార్లు చేస్తే చెయ్యే చూసుకుంటుంది.

కేవియర్ 30 గ్రాముల డబ్బా, ఐసు గిన్నె మీద. పక్కన బ్లినీలు (చిన్న అట్లు), పులిసిన క్రీమ్, సన్నగా తరిగిన గుడ్డు తెలుపు, పసుపు విడివిడిగా, ఉల్లి, నిమ్మ. చెంచా ముత్యపు చిప్పది. వెండి చెంచా లోహపు రుచి తెస్తుంది. బ్లినీలు ఒక నిమిషం కన్నా ఎక్కువ వేడిచేస్తే రబ్బరు అవుతాయి. తెరిచిన డబ్బా మిగిలితే పారేయాల్సిందే. మొదటిసారి తినేవాళ్లు చాలామంది ఉప్పగా ఉందని పక్కన పెట్టేస్తారు. అడక్కపోయినా కొద్దిగానే పెట్టి, నచ్చితే మిగతాది పెట్టడం నాకు సరైన పద్ధతి అనిపిస్తుంది.

షాంపేను సీసా ట్రాలీలో ఊగి ఊగి వస్తుంది, బయటి ఒత్తిడీ తక్కువ. వంచి పట్టుకుని, గుడ్డ కప్పి, బిరడాను కాకుండా సీసాను తిప్పాలి. చప్పుడు రాకూడదు. మొదట గ్లాసులో మూడో వంతు పోసి, నురగ దిగాక మళ్లీ పోయాలి. రెడ్ వైన్‌లో వగరు పైన ఎక్కువగా తెలుస్తుంది, అందుకే పండ్ల రుచి ఎక్కువున్నవి ఎంచి పెడతారు. చీజ్ చిల్లర్ నుంచి అరగంట ముందే తీయాలి. డ్రై ఐస్ పక్కన పడుకున్న చీజ్‌కు సబ్బుకు ఉన్నంత రుచే ఉంటుంది.

టీ సంగతి. క్యాబిన్ ఒత్తిడిలో నీళ్లు 92 నుంచి 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. నల్ల టీ ఆకుకు ఆ వేడి చాలదు. కెటిల్‌ను ముందు వేణ్ణీళ్లతో కడిగి వెచ్చబెట్టి, మూడు నిమిషాల బదులు ఐదు నిమిషాలు మూత పెట్టి ఉంచాలి. ఇంట్లోలా మరిగించిన టీ అడిగేవాళ్లకు రెండు సంచులు వేసి, పాలు విడిగా వేడిచేసి పోస్తే కొంత దగ్గరికి వస్తుంది. ఎస్‌ప్రెస్సో మెషీన్ సొంత ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

కుదుపులు మొదలైతే కాఫీ కుండ ముందు. మూత బిగించి సింకులోనో గూట్లోనో పెట్టి, ట్రాలీకి ఎర్ర పెడల్ నొక్కి, గూట్లోకి తోసి గొళ్లెం వేయాలి. కుండను ఎప్పుడూ ముప్పావు వంతే నింపుతాం. సూప్ పోస్తున్నప్పుడు బెల్టు లైటు వెలిగితే సూప్‌ను వెనక్కి తెచ్చేయాలి, "ఈ ఒక్క గిన్నె ఇచ్చి వస్తా" అనుకోకూడదు. కాలిన గాయాలకు ఎక్కువగా కారణం ఆ ఒక్క గిన్నే.

దిగే ముందు

దిగడానికి 40 నిమిషాల ముందు ఓవెన్లు ఆపేస్తాం. అప్పటికీ తినేవాళ్లు ఉంటే ఉంటారు, కానీ కొత్తగా ఏదీ లోపలికి వెళ్లదు. గ్లాసులు ర్యాకుల్లోకి, కత్తులు లెక్కపెట్టి డ్రాయర్‌లోకి. వేణ్ణీళ్లు ఒంపేయాలి, ప్రతి గొళ్లెం కిందికి తిప్పాలి, బార్ ట్రాలీలకు కొత్త సీలు వేసి నంబరు రాయాలి. తెరిచిన వైన్ సీసాలు ఒంపేస్తాం. మిగిలిన ఆహారం ఎవరికీ ఇవ్వడానికి లేదు. అంతర్జాతీయ విమానాల వ్యర్థాలను చాలా దేశాలు కాల్చేయాలనో పాతిపెట్టాలనో శాసిస్తాయి, పశువుల రోగాలు రాకుండా.

గ్యాలీ చూసినవాళ్ల ఆఖరి పని క్యాటరింగ్ రిపోర్టు. "శాకాహారం తగ్గింది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ మెయిన్ ఎన్ని ఎక్కాయి, ఎన్నో ఆర్డరు దగ్గర అయిపోయింది, ఎంతమందికి రెండో ఎంపిక ఇవ్వాల్సి వచ్చింది, ఏ సాస్ ఎక్కలేదు, ఏ ర్యాకులో ఏది తప్పు లేబుల్‌తో వచ్చింది అన్నట్టు అంకెలతో రాయాలి. ఒకే రూట్లో నాలుగు రిపోర్టులు ఒకేలా వస్తే కిచెన్ లోడింగ్ మారుస్తుంది: చేప ఒకటి తగ్గి, బిర్యానీ ఒకటి పెరుగుతుంది.